రమణ బండి అద్దం

కిరండూల్, మంగళవారం.

ఈరోజు గనిలో రాయి ఎగిరొచ్చి మా పక్కింటి రమణ నడిపే కొత్త డంపర్ లారీ తలుపు అద్దానికి తగిలింది. అద్దమంతా కల్లుప్పులా రాలినా అతనికి గీత కూడా పడలేదు. చూడటానికి వెళ్తే అతని భార్య పైడమ్మ మొగుడి చొక్కా దులిపి, ఆ పలుకులు నా అరచేతిలో పోసింది.

"నొక్కి సూడొదినా, కొయ్యదు. ఈ అద్దాన్ని కాల్చి గబాల్న సల్లారుత్తారట."

నిజంగానే కొయ్యలేదు. పోయినేడు మా ఆయన పాత డంపర్ అద్దం కత్తుల్లా పగిలి చెంపకు కుట్లు పడ్డాయి. ఆయనకు లేని అద్దం రమణకెందుకని కడుపు మండింది.

ఇంటికొచ్చాక ఆయన అన్నారు: "కొత్త అద్దం వచ్చేదాకా రమణకీ పాత బండే ఇత్తారట."

వినగానే నాకు హాయిగా అనిపించింది. గోడ అవతల పైడమ్మ నవ్వుతూనే ఉంది. ఆమెకీ మాట ఇంకా చేరలేదేమో...