ఎడమ మలుపులో బండి అరుపు

సోమవారం, రాత్రి

పొద్దున అనంతగిరి ఘాట్లో ఎడమ మలుపు తిరుగుతుంటే, యాక్సిలరేటర్ వదిలేసినా బండి ఒక్కసారిగా అరిచి ముందుకు దూకింది. క్లచ్ పట్టి బ్రేక్ తొక్కితే లోయ అంచున ఆగింది.

ఇంటికొచ్చి కార్బురేటర్ స్క్రూ వదులు చేశాను. లాభం లేదు. పాత బండి కదా, ఇంజనే పోయిందనుకున్నాను. చివరికి స్టాండు వేసి హ్యాండిల్ ఎడమకు తిప్పాను. మళ్లీ అదే అరుపు. తిన్నగా పెడితే మామూలే.

టార్చి వేసి చూశాను. నిన్న చర్చిలో ఫాదర్ చేత ఆశీర్వదింపజేసి అమ్మ హ్యాండిల్‌కు కట్టిన జపమాల. జారిపోకూడదని నైలాన్ తాడుతో యాక్సిలరేటర్ కేబుల్‌ని కూడా కలిపి బిగించేసింది. హ్యాండిల్ తిప్పితే ఆ తాడే కేబుల్‌ని లాగుతోంది.

తాడు కోస్తుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి సేత్తన్నావురా? అదుంటే నీకేటీ అవదు."

"తాడు బాలేదమ్మా."

"అయితే ఉండు, గట్టిది తెత్తాను."

తెచ్చింది. లావు తాడు, బల్ల మీదే ఉంది. తెల్లారి నేను ఘాట్‌కు బయల్దేరేలోపు కట్టేస్తుంది. ఆమె కంటే ముందు లేచి వెళ్లిపోవాలి, లేదా నిజం చెప్పాలి. చెప్పడానికే ధైర్యం చాలడం లేదు.