బూడిద పొర

మంగళవారం రాత్రి, మిర్యాలగూడ

తవ్వకుండానే కూరగాయల మడి చేద్దామని ముచ్చటపడి, పెరట్లో అట్టలు పరిచి, వాటిపై గడ్డి, పేడ వేశాను. పైపొరగా రైస్‌మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద పోశాను. చేతికి చల్లగానే తగిలింది.

సాయంత్రం అత్తమ్మ అది చూసి, బూడిద సర్దుతున్న నా చేయి వెనక్కి లాగింది.

“బూడిద పైకి సల్లగనే ఉంటది బిడ్డా, లోపల నిప్పు సావదు. మిల్లుకాడ ఎంతమందికి కాళ్లు కాలలే!”

ఇద్దరం బిందెలతో నీళ్లు కుమ్మరించాం. మడంతా నల్లగా తడిసింది. నిశ్చింతగా లోపలికొచ్చాం.

పొద్దున లేవగానే బెండ విత్తనాలు పెడతానంటూ పాప పడుకుంది. అది చెప్పులు వేసుకునే రకం కాదు.

ఇప్పుడే టార్చి వేసి చూశాను. మంట లేదు, పొగ లేదు. మడి మధ్యలో అరచేయంత మేర మాత్రం బూడిద అప్పుడే ఎండి తెల్లబడింది.