స్వప్న కట్టిన ఫీజు

మంగళవారం రాత్రి, అశోక్‌నగర్ హాస్టల్

బార్ పరీక్ష ఫీజు కట్టడానికి రేపే ఆఖరు రోజు. అది పాసైతేనే నేను లాయరుగా కొనసాగేది. సాయంత్రం బషీర్‌బాగ్ ఆఫీసులో మా సీనియర్ గారిని నాకు రావాల్సిన జీతం అడిగాను. "క్లయింట్లే ఇయ్యలేదమ్మా, వచ్చే నెల చూద్దాం" అన్నారు. బస్సెక్కకుండా నారాయణగూడ మీదుగా నడిచి వచ్చాను. అన్నయ్యకు ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, పోయిన నెలే అడిగాను. మళ్లీ నోరు రాలేదు.

గదిలో, నాతోపాటే ఈ పరీక్ష రాస్తున్న నా రూమ్మేట్ స్వప్న మంచం మీద పడుకుని వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. "డాడీ, ఫీజు పైసలు పంపు జర" అంది. అంతే, చాయ్ చల్లారేలోగా డబ్బు వచ్చేసింది. ఆ 'జర' అనే మాట అంత తేలిగ్గా నా నోట ఎప్పుడూ రాలేదు.

నా ముఖం చూసి కనిపెట్టింది కాబోలు, "నీది కట్టినవా?" అని అడిగింది. నేను ఫోన్‌లో తెరిచి ఉన్న ఫీజు పేజీ మూసేశాను.

"ఏందే, నాకు చెప్పొద్దా? ఫోన్ ఇటియ్యి" అని లాక్కుని, తన ఖాతాలోంచి నా ఫీజు కూడా కట్టేసింది. "ఉన్నప్పుడు ఇద్దువులే" అని అటు తిరిగి నిద్రపోయింది.

నేను థాంక్స్ కూడా చెప్పలేదు. మంచిగా ఉండటం కూడా దానికి ఇంత సులువేమిటి అనిపించింది.

దాని డబ్బుతో పరీక్ష రాయబోతూ, స్వప్న ఆ పరీక్ష తప్పితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. ఒక్క క్షణమే అని రాశాను గానీ, లైటు ఆర్పితే మళ్లీ అదే అనుకుంటానేమోనని ఇంకా కూర్చునే ఉన్నాను.