కత్తిరించి ఇచ్చిన ముక్కలు

జూలై 3

వదిన నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. పెళ్ళైన ఆరేళ్ళకు నెల తప్పింది... అమ్మ ఏడుస్తూనే నవ్వుతోంది. అన్న చాదర్లు నేసే మగ్గం వదిలేసి కుంఠా నాకా మిల్లు నుంచి మధ్యాహ్నానికే వచ్చేశాడు. బాగానే తిరుగుతున్న పాత ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు.

నేనూ నవ్వాను. వదిన చెంపల వైపు చూశాను. మొటిమలు చాలా తగ్గాయి.

జూలై 3, మళ్ళీ

అడిగాను. ఏదో మాటల్లో అడిగినట్టు — ఆ గోలీలు ఎప్పుడు ఆపావు వదినా?

"ఎందుకు బంద్ చేస్త? ఇంక రెండున్నయ్. విటమిన్ అన్నవ్ గద శోభా. కడుపుల బిడ్డకు గూడ మంచిదేనని రోజూ ఏస్కుంటున్న."

వేడి చేస్తుంది, ఇక వద్దులే అన్నాను. మిగిలిన రెండూ లాక్కున్నట్టే తీసుకున్నాను. వేడి చేస్తుందట! ఎమ్మెస్సీ చదివిన నోరు.

జూలై 5

ఇక్కడైనా నిజం రాయాలి.

చర్మం డాక్టరు నాకు రాసిన మందు అది. వాడినన్నాళ్ళూ కడుపు రాకూడదని సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. నాకు తగ్గింది, మందు మిగిలింది. జూన్‌లో వదిన చెల్లెలి పెళ్ళి. "నా మొఖానికి గూడ ఏమన్న చెప్పరాదు... పొగాకు దుమ్ముకు గిట్లయింది," అంది వదిన. సరే అన్నాను. వదిన బీడీ ఆకు కోసే కత్తెరతోనే షీటు కత్తిరించి ఇచ్చాను. వారానికి సరిపడా ఒక్కో ముక్క. ఏం మందు అంటే, విటమిన్ 'ఎ'కి తమ్ముడి వరస అనుకో, అన్నాను. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

గర్భిణి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత — అది డబ్బా మీద ఉంది. డబ్బా నా దగ్గరే ఉంది. అందులో పెన్నులు పెట్టుకున్నాను.

జూలై 9

ల్యాబ్. ఇవాళ కూడా కోడిగుడ్ల పెంకుల్లో కిటికీలు కోసి లోపలి పిండం మీద రెటినాయిక్ ఆసిడ్ బొట్టు వేశాను. నా పీహెచ్‌డీ అంతా ఇదే. రిసెప్టర్లు జీన్ల మీద ముందే కూర్చుని తలుపు మూసి పెడతాయి. ఆసిడ్ వచ్చి తగిలితే తీస్తాయి. పిండం తనకు కావలసిన చోట, కావలసిన గంటకు ఆ ఆసిడ్ తయారుచేసుకుంటుంది, అక్కర్లేని చోట కరిగించేస్తుంది. దవడ, చెవి, గుండె, మెదడు వెనక భాగం — అన్నీ ఆ కొలత మీదే. వదిన మింగిన గోలీ ఒంట్లోకి వెళ్ళాక అదే ఆసిడ్ అవుతుంది. సొంతదా, బయటినుంచి వచ్చిందా అని రిసెప్టర్ అడగదు. అన్న మగ్గం మీద డిజైన్ అట్టకు చిల్లు ఎక్కడ ఉంటే అక్కడ పోగు లేస్తుంది. చిల్లు ఎవరు కొట్టారని మగ్గం అడుగుతుందా...

పోయిన వారం గుడ్లు తెరిచాను. కొన్ని కోడిపిల్లలకు కింది ముక్కు లేదు. నోట్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కొట్టాను. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆ గీత వంకర పోలేదు.

జూలై 16

చెప్పలేదు.

జూలై 24

రోజూ రీసెర్చ్ పేపర్లు చదువుతున్నాను. వదిన కోసం అనుకున్నాను. కాదు. అందరికీ అలా కాదు అన్న ఒక్క వాక్యం కోసం. దొరికింది. దాన్ని పట్టుకుని మూడు రోజులు కడుపునిండా తిన్నాను. ఛీ.

నిజం చెప్పాలంటే మొదట అన్నకు భయపడ్డాను. తర్వాత ల్యాబ్‌లో మా గైడ్ మేడమ్‌కు. బిడ్డ సంగతి మూడోది.

నూలు పున్నమి, రాఖీ పండగ

మా దాజీ పేట్ అంతా రోడ్డు మీదే ఉంది. మా కులదైవం మార్కండేయుడి రథం మా గల్లీ ముందుకు వచ్చింది. వదిన మెట్టు మీద నిలబడి చేతులు జోడించింది, పెదవులు కదులుతున్నాయి. ఆమె చెవిలో చెప్పేశాను. డప్పుల మోతలో వినపడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

వినపడింది. "మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఇచ్చేటప్పుడే ఎరుకనా నీకు?"

ఎరుకే.

"మరి... నాకు కడుపు రాదనుకున్నవా?"

అవును. అదే అనుకున్నాను. ఆరేళ్ళుగా లేనిది ఇప్పుడెక్కడ వస్తుందని, కడుపు రాకూడదన్న మాట చెప్పే పనే పెట్టుకోలేదు. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఈ పేజీకి కూడా చెప్పలేదు. నా మొహం చూసి వదిన చదివేసింది.

రథం దాటిపోయాక అంది — "మార్కండేయుని తల్లిదండ్రులను శివుడు ముందుగల్లనే అడిగిండు, గిసొంటి కొడుకు కావాల్నా గసొంటోడు కావాల్నా అని. నన్నెవ్వలడిగిండ్రు?"

ఆగస్టు 14

కొంతం చౌక్ డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరమే వెళ్ళాం. చెప్పింది నేనే. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి మరాఠీలో అడిగింది. "శిక్లేలీ ఆహేస్ నా తూ?" చదువుకున్నదానివి కదా నువ్వు... అంతే అంది. తిట్టినా బాగుండేది.

ఐదో నెల స్కాన్‌లో మొహం, గుండె కనపడతాయట. కొన్ని అప్పటికీ కనపడవట. ఉంచుకోవాలా వద్దా అన్నది వదిన చెప్పాలి, నేను కాదు, ఇంకెవరూ కాదట.

"స్కాన్ చూసినంక చెప్త," అంది వదిన. దారంతా నాకు రెండడుగుల ముందే నడిచింది.

ఆగస్టు 20

వదిన మా అమ్మకు చెప్పేసింది. కానీ — "మెడికల్ షాపుల నేనే కొనుక్కున్న అత్తా."

సాయంత్రం అన్న వచ్చేదాకా అమ్మ తిట్టింది. సోకులు ఎక్కువయ్యాయంది. ఆరేళ్ళు మొక్కిన మొక్కులన్నీ మట్టిపాలు చేశావంది. వదిన తల వంచుకుని బీడీలు చుడుతూనే ఉంది. నేను పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నాను. ఒక్క మాట చాలు. అనలేదు. రొట్టె మాడింది, దానికి కూడా తిట్లు వదినకే పడ్డాయి.

సెప్టెంబరు 2

ఇవాళ ఆకు కోయమని కత్తెర నా ముందుకు తోసింది.

సెప్టెంబరు 30, క్లినిక్‌లో, బెంచీ మీద

మాది పదిహేడో నంబరు. పదహారు లోపల ఉంది.

పొద్దున బయలుదేరే ముందు అమ్మకు చెప్పాను. వదిన కొనలేదు, నేనిచ్చాను, తెలిసే ఇచ్చాను. అమ్మ చేతిలోని ఆకు చాటలో పడేసింది. నా వైపు చూడలేదు. లేచి వదిన దగ్గరికి వెళ్ళి, ఆమె జడ ఊడదీసి మళ్ళీ అల్లింది.

అన్నకు ఇంకా తెలియదు. గేటు దగ్గర చాయ్ తాగుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. తనకు పాప కావాలట.

స్కాన్ ఏదీ మార్చదు. తయారు కావలసింది జూన్‌లోనే తయారైపోయింది. రోజుకొకటి చొప్పున, నా ముక్కల్లోంచి.

వదిన పక్కనే కూర్చుంది. చాలా రోజుల తర్వాత నా పేరు పెట్టి పిలిచింది. "శోభా, లోపలికి నువ్వు రా. నాకు ఆ మిషన్ల ఏం తెలుస్తది? కోడిపిల్లలయి రోజు చూస్తవ్ గద, నా బిడ్డ దవడ గూడ చూడు. అందరికన్న ముందు నాకే చెప్పు."

సరే అన్నాను.

"ఈసారి విటమిన్ అనకు."

తలుపు తీశారు. వదిన పేరు పిలుస్తున్నారు —