పడవవాడి పాచిక

శనివారం, మధ్యాహ్నం

బావగారికి, మీ బావమరిది నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, నాకు నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. ఆట మధ్యలో నోట్‌బుక్కు మూసేసి వెళ్లిపోయారు. ఫోనెత్తరు. అక్కకి చేస్తే, ఆయన నీ మీద గుర్రుగా ఉన్నారు, మీ ఆటల్లోకి నన్ను లాగకు అని పెట్టేసింది. అందుకే ఈ కాగితం.

మనం తలో పాత్ర వేసుకుని ఆడే ఈ కథల ఆటలో మంత్రాల్లేవు. మామూలు మనుషులు, ఇరవై ముఖాల పాచిక, కథ నడపడానికి నేను. పారిపోతున్నవాళ్లని ఏరు దాటించిన మీ పాత్ర, పడవవాడు, అధికారికి దొరికిపోయాడు. వాళ్లెవరో చెప్పమన్నాడు అధికారి. నేను మనోబలం పరీక్ష పెట్టాను. పన్నెండు గానీ ఆపైన గానీ పడితే నోరు విప్పడు. ఎప్పుడూ పాచిక మీరే వేసేవారు. నిన్న మాత్రం నా కాగితాలు మీకు కనబడకుండా నిలబెట్టుకునే అట్ట చాటున నేనే వేసి, నాలుగు పడింది, పేర్లన్నీ చెప్పేశాడు అన్నాను.

మంత్రం వేశారంటే సరే, మామూలు మనిషి లొంగాలో వద్దో ఆడేవాడు చెప్పాలి గానీ పాచిక కాదు అన్నారు మీరు. నేను పెద్ద తెలిసినవాడిలా, భయం మనల్ని అడిగి రాదు, ఎంత గట్టివాడికైనా కాళ్లు వణికే రోజొకటి ఉంటుంది అని వాదించాను. ఆ మాట ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకపోతే ఎలా బతకను?

ఇంకో సంగతి. మన ఫ్యాక్టరీ మేనేజరు మిమ్మల్ని పిలిచాడా? కోత మిషనుకి చేతులు పడకుండా ఉండే అడ్డు తీసేశారని పై ఆఫీసుకి పేరులేని ఉత్తరం రాసింది మీరని మనిద్దరికే తెలుసు. సోమవారం పిలిస్తే ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్లండి. మీ ఉద్యోగానికి ఏమైనా అయితే అక్క మొహం చూడలేను. తిట్టడానికైనా సరే, ఈలోపు ఒక్కసారి ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీ తిట్లకి అలవాటుపడిన బావమరిది

తా.క.: నిన్న పడింది నాలుగు కాదు, పద్దెనిమిది. మీ పడవవాడు నోరు విప్పలేదు. వాడూ లొంగిపోతే నా సిగ్గు కాస్త తగ్గుతుందని అబద్ధమాడాను. గురువారం మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, ఆ ఉత్తరం ఎవరు రాశారని అడిగాడు. బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. తలుపు వేసి, రెండు టీలు చెప్పాడు. ఆ టీలు వచ్చేలోపే మీ పేరు చెప్పేశాను.