కుడి కన్ను నాది

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. అందరం అంటే నేనొక్కదాన్నే కాబట్టి, కళ్ళు తప్ప మిగతా నేనంతా క్షేమం. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? మేనకోడలు ముందుపళ్ళు వచ్చేదాకా ఫోటోలు దిగనంటోందని రాశావు. ఆ మొండితనం నా పోలికే, బలవంతపెట్టకండి.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు! పరీక్షల్లో కూడా నువ్వెప్పుడూ అంత రాసిన పాపాన పోలేదు. ఆపరేషన్ మాట ఎత్తొద్దు, షాపు మూసెయ్, వచ్చి నా దగ్గరుండు. ఈ మూడు ముక్కలకి నాలుగు పేజీలా? బడిలో పిల్లలకి ఆర్డర్లు వేసీ వేసీ అక్క మీద కూడా మొదలుపెట్టావు. సరే, అడిగినవాటికి జవాబులు చెప్తాను, బుద్ధిగా చదువు.

ఎడమ కన్ను అంత పాడయ్యేదాకా ఎలా తెలియలేదని అడిగావు. పోయిన ఏడాది నీకు "కంట్లో కాస్త ఒత్తిడి ఉందట, చుక్కల మందు ఇచ్చారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. జరిగింది ఇది. ముప్ఫై ఏళ్ళుగా కుడి కంటికి భూతద్దం బిగించుకుని, ఎడమ కన్ను మూసుకుని గడియారాలు బాగుచేస్తున్నాను. మూసి ఉంచే కన్ను చూస్తోందో లేదో ఎవరు పట్టించుకుంటారు? ఒకరోజు ఒక పెద్దాయన చేతి గడియారం విప్పాను. వెనక మూత కనబడలేదు. "ఇప్పుడే ఇక్కడ పెట్టాను, మీరే తీసుంటారు!" అని ఆయన మీద ఇంతెత్తున లేచాను. ఆయన పాపం, నా ఎడమ మోచేతి పక్కనే ఉన్న మూతని చూపించి, "ఇదేనా అమ్మా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన వెళ్ళాక కుడి కన్ను అరచేత్తో మూసుకుని చూశాను. షాపంతా పొగమంచు. మధ్యలో తలుపు గడియ ఒక్కటే కనబడింది.

గ్లకోమా. మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారే, అదే. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా పనిచేయక ఒత్తిడి పెరిగి, చూపుని మెదడుకి మోసే నరం దెబ్బతింటుంది. అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పీ గిప్పీ ఉండదు. ఎడమది దాదాపు పోయింది, ఇప్పుడు కుడిదానికీ అంచులు పోతున్నాయి. పోయిన చూపు ఏం చేసినా తిరిగి రాదు తమ్ముడూ. ఉన్నదాన్ని నిలుపుకోవడమే.

లేజర్ చాలదా అన్నావు. నేనూ అదే అడిగాను. డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది, ఓపికలో చాలా పెద్దది. కాగితం మీద కన్ను బొమ్మ గీసి మరీ చెప్పింది. లేజరుతో ఒత్తిడి కొంత దిగుతుంది, జబ్బు మొదట్లో ఉంటే అది మంచిదే, కానీ నాకు దిగాల్సింది చాలా ఉందట. మీ హెడ్మాస్టరు చెప్పారని నువ్వు రాసిన సూది మొనంత గొట్టాలు కూడా ముదరని జబ్బుకే, ఎక్కువగా శుక్లం తీసేటప్పుడు పెడతారట. ఇంకో పెద్ద గొట్టం ఉంది, చిన్న బిళ్ళతో కలిపి కంటి తెల్లభాగం మీద కుడతారు. మొదటి ఆపరేషన్ నిలవకపోతే దాని సంగతి చూద్దామంది. నాకు చెప్పింది ట్రాబెక్యులెక్టమీ. ఆ పేరు నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది. పై రెప్ప చాటున, తెల్లభాగంలో చిన్న తలుపులాంటిది కోసి, నీరు మెల్లగా పైపొర కిందికి జారేట్టు చేస్తారు. మత్తు కంటి వరకే.

మీ స్టాఫురూములో ఎవరి మామగారికో ఆపరేషన్ తర్వాత చూపు పోయిందన్నావు. పోవచ్చు. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. ఒత్తిడి మరీ పడిపోవచ్చు, చీము పట్టొచ్చు, కోసిన దారి మానిపోయి మళ్ళీ మూసుకుపోవచ్చు. "ఉన్న ఒక్క కన్నూ కత్తి కింద పెడతావా?" అని రాశావు చూడు, అది చదివి ఉత్తరం బల్ల మీద పడేశాను. నాకు భయం లేదనుకోకు. కానీ కత్తి పెట్టకపోతే ఆ కన్ను ఉంటుందని నీకెవరు చెప్పారు?

ఆస్పత్రి కాగితాల దగ్గర నర్సూ నీలాగే మాట్లాడింది. "ఇంట్లో పెద్దవాళ్ళెవరూ రాలేదా?" అంది. "మా ఇంట్లో పెద్దదాన్ని నేనే, ఇలా ఇవ్వండి" అని పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాను. తోడొచ్చిన పక్క షాపు తాళాలాయన గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. షాపు మూస్తాను, డాక్టరమ్మ వద్దన్నన్నాళ్ళు. వంగకూడదు, బరువులెత్తకూడదు, కన్ను నలపకూడదు. ఆ తర్వాత షట్టరు ఎత్తుతాను. నీ దగ్గర కూర్చుని టీవీ చూడ్డానికి కాదు నేను కన్ను కాపాడుకునేది.

ఇక ఒక మాట. ఇంతదాకా రాసి, పెన్ను మూసి, మళ్ళీ తెరిచాను. "చుక్కలు వేసుకుంటూనే ఉన్నావు కదక్కా, మరి ఎందుకు ముదిరింది?" అని అడిగావు. వేసుకోలేదురా. ప్రతి ఉత్తరంలోనూ క్రమం తప్పకుండా వేసుకుంటున్నానని రాశాను, అంతా అబద్ధం. ఆ మందు వేసుకున్నాక కాసేపు చూపు మసకబారేది, వెంట్రుకంత స్ప్రింగు రెండుగా కనబడేది. పని ఆగిపోతోందని పొద్దుటిది మానేశాను, తర్వాత సాయంత్రంది కూడా. ఏడు నెలలు. కుడి కన్ను అంచులు పోయింది ఆ ఏడు నెలల్లోనే. తప్పు నాదే. డాక్టరమ్మతో చెప్పేశాను, నీతో చెప్పడానికే నోరు రాలేదు. ఇప్పుడు పూటపూటకీ వేసుకుంటున్నాను, కానీ అవి మాత్రమే ఇక చాలవట.

ఆపరేషన్ బుధవారం. ఈ ఉత్తరం సోమవారం డబ్బాలో వేస్తాను. మీ ఊరు చేరడానికి నాలుగు రోజులు, అంటే శుక్రవారం. కావాలనే చేశాను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను, కన్ను పోతుంది. నీ మాట విని ఆగి, రేపు చీకట్లో కూర్చుంటే, నిన్ను తిట్టుకోకుండా ఒక్క రోజు గడవదు నాకు. బుధవారం ఏదైనా తేడా జరిగితే మాత్రం నన్ను నేను తిట్టుకుంటాను, నిన్ను కాదు. చూపు లేకుండా బతకమంటే ఎలాగోలా బతుకుతాను. నీ మీద కోపంతో మాత్రం బతకలేను.

ఇట్లు,
నిన్ను అడక్కుండానే సంతకం పెట్టిన
మీ అక్క