అంబలిలో కలిపిన పొడి

మన్మథరావూ, మొన్న డాక్టరమ్మ గది బయట నిలబడి, "మాయమ్మకి ఏటీ తెల్దండీ, పెద్దదైపోనాది. ఏదున్నా నాకే సెప్పండి" అన్నావు. అది తప్పు. సవరణ ఇది: నర్సీపట్నం వాస్తవ్యురాలు, కీర్తిశేషులు సింగన్న గారి భార్య, రిటైర్డ్ సైన్సు టీచరు అడిగర్ల అప్పలలక్ష్మి అను నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ప్రేరేపణా బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా. ఏటీ తెలియనిది ఎవరికో చదివాక తేల్చుకో.

గురువారం విశాఖపట్నంలో నా అంగిలికి ఆపరేషన్. అందుకే ఈ తొందర.

1. శివపురం వీధిలో నా స్వార్జితమైన డాబా ఇల్లు మా అబ్బాయి మన్మథరావుకు, కోడలు సత్యశ్రీకి చెరి సగం. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరినొకరు అడగడం అలాగైనా అలవాటవుతుంది.

2. రోలుగుంటలోని అరెకరం జీడితోట సత్యశ్రీకి ఒక్కదానికే, సర్వహక్కులతో. కారణం రాయకపోతే నాకు మతి పోయిందంటారు గనుక రాస్తున్నాను.

నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ నాకు మా అత్తగారు నేర్పింది, బాలింతకు చలి తగలదని. పిల్లలకు ఊపిరితిత్తుల పాఠం చెప్పి, ఇంటర్వెల్లో స్టాఫ్ రూము వెనక్కి వెళ్లేదాన్ని. మానాను, మళ్లీ పట్టాను. నిన్న సాయంత్రం కూడా కాల్చాను. పోయిన నెల సత్యశ్రీ ఫోనులో చుట్ట మాన్పించే మందు ప్రకటన ఏదో చూసి, "మనిషికి తెలియకుండా కలపండి" అన్న పొడి తెప్పించి, నా చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపింది. వాంతులై బాత్రూములో పడ్డాను. ఆసుపత్రిలో నోరు తెరిపించినప్పుడే అంగిలి మీద మచ్చ బయటపడింది. "సూసేవా, ఆ పొడే నిన్ను కాపాడినాది" అని నువ్వు గంతులేశావు. ఆ తర్వాత మూడు వారాలు అది పంటి పుండని నాకు చెప్పావు. సత్యశ్రీ మాత్రం నేను అడగ్గానే, "అవునత్తా, నానే కలిపినాను. సచ్చిపోతావేటోనని బయమేసింది" అని ఏడ్చింది. నన్ను అడగకుండా చేసింది, అది నేను క్షమించలేదు. అడిగితే నిజం చెప్పింది, తోట దానికి.

3. మా వీధిలో చుట్టలమ్మే దేవుడమ్మకు నా ఊలు శాలువా. ఆమెను బెదిరించి లాభం లేదు. కొన్నది నేను.

4. నా నోటి విషయం. డాక్టరమ్మను ఒంటరిగా కలిసి అడిగాను. కేన్సర్ అంది. అంగిలిలో కొంత తీసేయాలి, మాట ముక్కుతో వస్తుంది, నా గుండె మత్తుకు తట్టుకోకపోవచ్చు అని నా ముఖం చూసి చెప్పింది. రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నాను. సంతకం నాది. పోతే ఆ పోవడమూ నాదే. సత్యశ్రీని "నువ్వు పొడి పెట్టబట్టే", డాక్టరమ్మను "మీరు కొయ్యబట్టే" అని ఎవరూ అనరాదు. అన్నవారి వాటా సత్యశ్రీకి పోతుంది. సత్యశ్రీ తనను తాను అనుకున్నా కూడా ఒప్పుకోను.

దవడ ఎముక కూడా కొంత తీయాల్సి రావచ్చంది డాక్టరమ్మ. దాని జోలికి మాత్రం నేను ఒప్పుకోలేదు. భయం లేదని రాస్తే ఈ కాగితం అబద్ధమవుతుంది. కత్తికి కాదు నా భయం. నేను మత్తులో ఉండగా నువ్వు తలుపు దగ్గర, "ఇంకాస్త తీసెయ్యండి, సంతకం నాను పెడతాను" అంటావేమోనని. ఇంకేదైనా కావాలంటే నేను లేచేదాకా ఆగి, నన్నడగాలి. చుట్ట ముందు నాకు నా మీద అధికారం లేదు, నిజమే. అది చూసి మిగతా అధికారమంతా మీరు పుచ్చుకోకండి.

5. సాక్షికి ఆస్తి ఇవ్వకూడదంటారు, కనుక సువర్ణమ్మకు ఏమీ రాయడం లేదు. నా మంచి గొడుగు ఇప్పటికే పట్టుకుపోయింది.

నర్సీపట్నం, 17 నవంబరు 2025, సోమవారం.
(సం) అడిగర్ల అప్పలలక్ష్మి

సాక్షులు:
1. బి. సువర్ణమ్మ, రిటైర్డ్ తెలుగు టీచరు
2. కె. నాగేంద్ర, పక్కింటివారు

తా.క. మన్మథరావూ, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు నాకు మాట రాదట. అబీద్ సెంటర్లో పుస్తకాల షాపుకు వెళ్లి ఒక పలక, బలపాల పెట్టె కొనుక్కురా. రాతి పలక దొరక్కపోతే రేకుదైనా ఫర్వాలేదు. మంచానికి కుడివైపు, నా చెయ్యి అందేచోట పెట్టు. బేగి వెళ్లు, చీకటి పడితే షాపు కట్టేస్తాడు.